నో నాటకంలో పూనకం నిజమా, నటనా? నాకు తెలిసింది చెప్తాను

"జపాన్ నో నాటకాల్లో అంతమందికి ఆత్మలు పడుతుంటాయి కదా, ఆ నటులకి నిజంగానే పూనకం వస్తుందా, లేక అంతా నటనేనా?" అని అడిగారు.

నటనే. జవాబు అయిపోయింది. ఇక మిగతాదంతా నేను చెప్పాలనుకున్నది, ఓపిక ఉంటే చదవండి.

ముందు నా అర్హతలు. టోక్యోలో ఏడేళ్లుగా ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, నాటకాల మీద ఏ చదువూ చదవలేదు. ఇప్పటిదాకా చూసిన నో నాటకాలు తొమ్మిదో పదో. వాటిలో మూడింటికి హాయిగా నిద్రపోయాను. కానీ మా పెద్దమ్మకి శిగం వచ్చేది. మా ఊరు జనగామ దగ్గర. బోనాలప్పుడు డప్పు మొదలైతే చాలు, పెద్దమ్మ ఊగేది. పూనకం అంటే ఏంటో పది అడుగుల దూరం నుంచి చూసి పెరిగినదాన్ని కాబట్టి, ఈ ఒక్క విషయంలో పుస్తకాలు రాసినవాళ్ల కంటే నాకే కాస్త ఎక్కువ తెలుసని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. నో అంటే ఇంగ్లీషులో వద్దు అనే నో కాదు, మాస్కులతో ఆడే జపాన్ పాత నాటకం. "ఈ ఆదివారం నో కి వెళ్తున్నా" అని మా నిషి కసాయి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే, "ఎందుకు నో? వస్తే బాగుండేది కదా" అని ముగ్గురు అడిగారు. అప్పట్నుంచి ఎక్కడికి వెళ్తున్నానో చెప్పడం మానేశాను.

నటనే అని అంత ధీమాగా ఎందుకంటున్నానంటే, ఆ నాటకానికి రూపం దిద్దిన జెయామి తన శిష్యుల కోసం రాసిపెట్టిన సూత్రాలున్నాయి. ఆయన 1363 ప్రాంతంలో పుట్టాడు. 1424 నాటి ఒక పుస్తకంలో అంటాడు కదా, మనసుని పది పాళ్లు కదిలించు, ఒంటిని ఏడు పాళ్లే కదిలించు అని. అంతటితో ఆగడు. నటుడు తనని తాను ప్రేక్షకుల కళ్లతో చూసుకుంటూ ఉండాలి, తన వీపు ఎలా కనిపిస్తోందో కూడా తెలియాలి అంటాడు. వీపు ఎలా ఉందో చూసుకునేవాడికి పూనకం ఎక్కడొస్తుందండీ? మా పెద్దమ్మకి కొంగు జారినా తెలిసేది కాదు. పక్కనున్న ఆడవాళ్లే పరుగున వచ్చి చీర సర్దేవాళ్లు.

ఒకినా అనే పాత ఆట ఒక్కదాని సంగతి వేరు. అది నాటకం కంటే పూజకి దగ్గర. అది ఆడేవాళ్లు కొన్ని రోజుల ముందు నుంచి వేరే నిప్పు మీద వండింది తినే ఆచారం ఉంది. మన మడివంట లాంటిదే అనుకోండి. ముసలి దేవుడి మాస్క్‌ని కూడా లోపల కాకుండా వేదిక మీదే, అందరూ చూస్తుండగా తొడుక్కుంటారు. తీసేసేదాకా ఆయన దేవుడే. పూనకం అన్న మాట వాడాలంటే అక్కడ వాడొచ్చు. మీరడిగిన ఆత్మలు పట్టే నాటకాల్లో మాత్రం అంతా లెక్కే, అడుగు దగ్గర్నుంచి మెడ వంపు దాకా.

ఇప్పుడు అసలు సంగతి. మూడేళ్ల క్రితం మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ దగ్గర టికెట్ ఒకటి మిగిలింది. భర్తకి జ్వరమట. "మీ దేశంలో కూడా ఇలాంటివి ఉంటాయి కదా, వస్తావా?" అని అడిగింది. మా దేశంలో ఇలాంటివి ఉంటాయి అనే మాట నాకు ఒళ్లు మంట. ఇక్కడికొచ్చిన మొదటి నెల నుంచి ప్రతిదానికీ వింటున్నాను, వేడికి, మంత్రాలకి, రైల్లో జనానికి. అయినా ఉచితం కదా అని వెళ్లాను. సెందగయాలో జాతీయ నో థియేటర్. 1983లో కట్టారు. లోపల వేదికకి గుడిలాగా వేరే కప్పు, వెనక గోడ మీద పెద్ద పైన్ చెట్టు బొమ్మ, ఎడమ పక్కన పొడవాటి వంతెన. ప్రతి సీటు ముందూ చిన్న తెర ఉండి మాటలు జపనీసులో, ఇంగ్లీషులో వస్తాయి. వేదికకి తెర మూయడం, లైట్లు ఆర్పడం లాంటివేమీ లేవు.

ఆ రోజు ఆడింది అవోయి నో ఉయె. పక్క గుమ్మంలోంచి నల్లబట్టల మనిషి ఒకడు వచ్చి, పొడవుగా మడిచిన పట్టు కిమోనో ఒకటి తెచ్చి వేదిక అంచున, సరిగ్గా మా ఎదురుగా పరిచాడు. అంచులు చేత్తో సర్దాడు. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టి, లేచి, వెళ్లిపోయాడు. నేను, ఎవరో వేసుకోవాల్సిన బట్ట ముందే తెచ్చి పెట్టారు కాబోలు, ఇంకా ఆట మొదలు కాలేదనుకుని బ్యాగులోంచి నీళ్ల సీసా తీశాను. పక్కనున్న ఆవిడ నా మోచేతి మీద చెయ్యి వేసి నెమ్మదిగా, "ఆమే అవోయి" అంది.

నాటకం పేరు ఆవిడదే. మంచాన పడి ఉన్న మనిషి ఆవిడే. ఆత్మ పట్టింది ఆవిడకే. ఆవిడ ఒక బట్ట. చివరిదాకా అంతే. లేవదు, ఊగదు, అరవదు, ఒక్క మాట మాట్లాడదు.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. దాదాపు వెయ్యేళ్ల క్రితం మురసకి షికిబు అనే ఆవిడ రాసిన గెంజి కథలోది ఇది. గెంజి అందగాడు, చక్రవర్తి కొడుకు. పెళ్లాం అవోయి, కడుపుతో ఉంది. అతనికి రొకుజో అనే ఆవిడతో కూడా సంబంధం ఉండేది, ఇప్పుడు పట్టించుకోవడం లేదు. ఆవిడ సామాన్యురాలు కాదు, చనిపోయిన యువరాజు భార్య, చదువుకున్నది, గెంజి కంటే ఏడేళ్లు పెద్ద. కమో పండగ ఊరేగింపులో గెంజిని దూరం నుంచైనా చూద్దామని మామూలు బండిలో ఎవరికీ తెలియకుండా వస్తుంది. చోటు కోసం అవోయి మనుషులు ఆ బండిని తోసి, విరగ్గొట్టి, వెనక్కి నెట్టేస్తారు. నలుగురిలో అవమానం. అప్పట్నుంచి రొకుజో ఆత్మ, బతికుండగానే, ఆవిడకి తెలియకుండానే రాత్రుళ్లు వెళ్లి అవోయిని పీడిస్తుంది. వాళ్ల భాషలో ఇకిర్యో, బతికున్నవాళ్ల ఆత్మ అని. చచ్చి దెయ్యమవ్వడం అందరికీ తెలిసిందే, బతికుండగా అవ్వడం దగ్గర నాకు ఒళ్లు జలదరించింది.

నాటకంలో ముందు తెరుహి అనే సోది చెప్పే ఆవిడ వస్తుంది. అజుసా చెట్టు కర్రతో చేసిన విల్లు నారి మీటుతూ పిలిస్తే ఆత్మ వస్తుందని నమ్మకం. వంతెన మీద రొకుజో కనిపించింది. అడుగు తీసి అడుగు వేస్తే అర నిమిషం. ముఖానికి దేయిగన్ అనే మాస్క్. మామూలు ఆడమనిషి ముఖమే, కళ్లలో మాత్రం బంగారు పూత. వెలుతురు పడ్డప్పుడు కళ్లలో నీళ్లు నిండినట్టు ఉంటుంది, తల కాస్త తిప్పగానే అదే చూపు మనిషిది కాదనిపిస్తుంది. మాస్కులు ముఖం కంటే చిన్నవి కాబట్టి కింద నటుడి గడ్డం కనిపిస్తుంది, డెబ్బై ఏళ్ల మగాయన వేలాడే గడ్డం. గొంతు కూడా మగగొంతే, ఆడగొంతు పెట్టడానికి ప్రయత్నించరు. మొదటి పది నిమిషాలు నవ్వొస్తుంది. తర్వాత ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియలేదు.

సోది ఆవిడ, పక్కనున్న రాజోద్యోగి కలిసి ఎవరు నువ్వు, పేరు చెప్పు అని అడుగుతారు. నాకు ఠక్కున మా ఊరే. "ఎవరు తల్లీ నువ్వు? ఏం కావాలె నీకు?" వేపమండలు పట్టుకుని, సాక పోసి అడిగేవాళ్లు మా వాళ్లు. అక్కడా ఇక్కడా వరస ఒకటే. పేరు అడుగు, కోపం ఎందుకో అడుగు, చెప్పనీ. రొకుజో చెప్పింది. విరిగిన బండి సంగతి, ఒకప్పుడు తను పొందిన మర్యాద సంగతి, ఇప్పుడు పొద్దెక్కాక వాడిపోయే పువ్వులా అయిపోయిన తన గతి. చెప్తూ చెప్తూ ముందుకొచ్చి, చేతిలోని విసనకర్రతో ఆ పరిచిన బట్టని కొట్టింది. పెద్దగా చప్పుడేమీ రాలేదు. హాల్లో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. బహుశా నేనే.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను. రెండో సగంలో ఆవిడ హన్న్యా మాస్క్‌తో వస్తుంది. రెండు కొమ్ములు, చీలిన నోరు. టీషర్టుల మీద, పచ్చబొట్లలో, ఫోన్ కవర్ల మీద "జపనీస్ డీమన్" అని అమ్ముతారే, అదే. ఆ హన్న్యా అన్న మాట ఏంటో తెలుసా? మన ప్రజ్ఞ. సంస్కృతం ప్రజ్ఞ చైనా మీదుగా వెళ్లి హన్న్యా అయింది. ఇంత కోపంగా ఉన్న ముఖానికి ప్రజ్ఞ అని పేరెందుకంటే, ఆ మాస్క్ చేసిన సన్యాసి పేరు అదని కొందరంటారు, ఈ నాటకంలోనే ఆత్మ "అబ్బా, భయంకరమైన హన్న్యా గొంతు" అని సూత్రపారాయణానికి బెదిరిపోయే మాట నుంచి వచ్చిందని కొందరంటారు. నేను రెండోదాన్నే నమ్ముతాను, అందంగా ఉంది కాబట్టి.

ఆ ఆత్మని అణచడానికి యొకావా అనే చోటు నుంచి ఒక సాధువు వస్తాడు. గట్టి పూసల జపమాలని రెండు చేతుల మధ్య గరగరా రుద్దుతూ, తూర్పున ఫలానా, దక్షిణాన గుందరి యాష, ఉత్తరాన కొంగో యాష అని దిక్కు దిక్కునా దేవతల్ని పిలుస్తాడు. యాష అంటే యక్ష. తర్వాత మంత్రం అందుకున్నాడు. "నమకు సమందా బసరదా, సెందా మకరోషనా..." నాకు ముందు బాసర అని వినిపించింది. ఇదేంటి, బాసర ఇక్కడికెందుకొచ్చింది అని తెర చూస్తే అక్షరాలేమీ సాయం చెయ్యలేదు. ఇంటికెళ్లి వెతుక్కుంటే తెలిసింది: నమః సమంత వజ్రాణాం, చండ మహారోషణ. బసర అంటే వజ్ర! అచలుడనే బౌద్ధ దేవుడి మంత్రం, జపనీసులో ఆయన పేరు ఫుదో. వెయ్యేళ్లకు పైగా చైనా సన్యాసుల నోట్లో, జపాన్ సన్యాసుల నోట్లో నానిన మన మాటలు. మహారోషణ ఒక్కటే పెద్దగా మారకుండా మిగిలింది. "మీ దేశంలో ఇలాంటివి ఉంటాయి కదా" అన్నందుకు ఆవిడ మీద నాకున్న కోపం అక్కడితో సగం తగ్గింది. ఉన్నాయి మరి.

చివరికి రొకుజో చెవులు మూసుకుని లొంగిపోతుంది, ఆమె మనసు చల్లబడి బుద్ధుడి దారి పడుతుంది. ఎవరి కథ ముగిసింది? ఆవిడది. అవోయి సంగతి? బట్ట బట్టే.

బయటికొచ్చాక సోబా నూడుల్స్ తింటూ నేను ఆ పెద్దావిడతో వాదన పెట్టుకున్నాను. ఇదేం న్యాయమండీ, ఆత్మ పట్టిన మనిషి బాధ ఎవరూ అడగరేంటి అని. మా ఊళ్లో శిగమొచ్చిన మనిషికే ఆ రోజు పెద్దపీట. మా పెద్దమ్మ ఏడాదంతా అత్త ముందు తలెత్తేది కాదు. ఆ ఒక్క సాయంత్రం అత్త పెద్దమ్మ కాళ్లకి పసుపు రాసి, కాళ్లకి మొక్కి, "తప్పైంది తల్లీ" అనేది. ఒక ఏడు పోచమ్మ ఆమె మీదికొచ్చి, "నా గుడి ముంగట మురికినీళ్లు నిలుస్తున్నయ్, ఎవనికన్నా పట్టిందా?" అని గర్జించింది. ఆ నీళ్లు సరిగ్గా పెద్దమ్మ రోజూ బిందె పట్టుకుని నడిచే దారిలో ఉండేవి. వారంలో మోరీ తవ్వారు. అమ్మవారు అడిగిందో పెద్దమ్మ అడిగిందో నేను తేల్చను. రెండూ ఒకటే అయినా నాకు అభ్యంతరం లేదు.

ఆవిడ అంతా విని, "గెంజి కథలో అవోయి మాట్లాడుతుంది" అంది. పురిటినొప్పుల మధ్య గెంజి దగ్గరికి వంగితే, అవోయి నోట్లోంచి రొకుజో గొంతు వస్తుందట. దిక్కు తెలియక గాలిలో తిరుగుతున్న నా ప్రాణాన్ని నీ బట్ట అంచుకి ముడివేసి ఆపు అని పద్యం చెబుతుందట. బట్ట అంచుకి ముడివేస్తే పోయే ప్రాణం ఆగుతుందని అప్పటి నమ్మకం. అంటే అవోయికి నోరు వచ్చిన ఒక్కసారి కూడా ఆ నోట్లో మాట ఇంకొకరిది. మగబిడ్డని కని ఆమె చనిపోతుంది. నాటకం రాసినవాళ్లు ఆ చావుని వదిలేశారు. "బట్ట పెట్టడమే నిజాయితీ అనిపిస్తుంది నాకు. పెళ్లైన కొత్తలో మా అత్తగారింట్లో నేను అలాగే ఉండేదాన్ని" అని ఆవిడ సోబా ఉడికించిన నీళ్లు పోసుకుని తాగింది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంకో మాట కూడా ఆవిడే చెప్పింది, ఇప్పటికీ నన్ను వదల్లేదు. అవోయి కోసం అక్కడ హోమాలు చేస్తుంటే, ఎక్కడో దూరాన తన ఇంట్లో ఉన్న రొకుజో బట్టలకి హోమంలో వేసే గింజల వాసన పట్టేస్తుంది. తల రుద్దుకుంటుంది, బట్టలు మార్చుకుంటుంది. పోదు. అలా తెలుస్తుంది ఆవిడకి, రాత్రుళ్లు తను ఎక్కడికి వెళ్లొస్తోందో. ఆ గింజలకి రాసే జపనీస్ మాటకి గసగసాలనీ ఆవాలనీ రెండర్థాలు ఉన్నాయి. అనువాదకులు కొందరు గసగసాలంటారు. దెయ్యాన్ని తోలడానికి గసగసాలేంటండీ? ఆవాలే. ఉప్పు, మిరపకాయలు, ఆవాలు తిప్పి పొయ్యిలో వేసిన ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు.

ఆ మాట వినగానే నా ముఖం ఎలా మారిందో ఏమో, "ఏమైంది?" అని అడిగింది ఆవిడ. ఏమీ లేదన్నాను. ఇక్కడికొచ్చిన కొత్తలో ఇల్లు చూపించిన ఏజెంటు ఒకడు, మీవాళ్లు ఉంటే గోడలకి వాసన పడుతుంది, ఓనరు ఒప్పుకోడు అని నవ్వుతూ చెప్పాడు. ఆ తర్వాత రెండేళ్లు నేను పొద్దున పోపు పెట్టాక మళ్లీ తలస్నానం చేసి, కోటు బాల్కనీలో ఆరేసి ఆఫీసుకి వెళ్లేదాన్ని. రైల్లో నిలబడి జుట్టు కొస ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేదాన్ని. ఆవాల వాసన ఉండేదనే అనిపించేది. అంతకు ముందుదాకా నేను అవోయి పక్షం. ఆ క్షణం నుంచి రొకుజోని కూడా ఏమీ అనలేకపోతున్నాను.

తర్వాత చూసినవాటిలో సొతొబా కొమాచి కూడా పూనకం కథే. జెయామి తండ్రి కనామి రాసింది. సొతొబా అంటే స్తూపం, మాట మనదే. ఒకప్పుడు అందానికి పేరుపడ్డ కవయిత్రి ఒనో నో కొమాచి, ఇప్పుడు అడుక్కునే ముసలిది, పడిపోయిన స్తూపపు చెక్క మీద కూర్చుంటుంది. లెమ్మన్న సన్యాసుల్ని శాస్త్రంలోనే ఓడించి నోరు మూయిస్తుంది. ఆ వాదన చూడాలి, మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చింది. అంతలో ఉన్నట్టుండి గొంతు మారి, "కొమాచి దగ్గరికి వెళ్లాలి" అంటుంది. సన్యాసి బిత్తరపోయి, నువ్వే కదమ్మా కొమాచి అంటాడు. నూరు రాత్రులు వస్తే దర్శనమిస్తానని ఆవిడ పెట్టిన షరతుకి తొంభైతొమ్మిది రాత్రులు వచ్చి, నూరో రాత్రికి ముందు చచ్చిపోయిన పెద్దమనిషి ఆవిడకి పట్టాడు. ముసలావిడ మగవాళ్ల టోపీ పెట్టుకుని, వానలో మంచులో అతను నడిచిన నడకంతా తనే నడుస్తుంది. ఆడవేషంలో ఉన్న మగనటుడు, పూనిన మగవాడిగా నడవాలి. ఏడుపు ఎవరిదో ఆ ఇద్దరిలో విడదీయలేం.

జెయామికి మాత్రం కొన్ని పట్టింపులున్నాయి. పిచ్చి, పూనకం వేషాలు ఈ కళలో అన్నిటికన్నా రక్తికట్టేవి అంటూనే, ఆడమనిషికి యుద్ధవీరుడి ఆత్మో రాక్షసుడో పూనినట్టు రాయడం తప్పంటాడు. పూనినదాని కోపం చూపిస్తే ఆడరూపానికి నప్పదట, ఆడతనం చూపిస్తే పూనకం నప్పదట. ఎంత గొప్పవాడైనా బోనాలు చూడని మనిషి, ఏం చేస్తాం. మా పెద్దమ్మ ముందు ఐదు నిమిషాలు నిలబెడితే ఆ పేజీ కొట్టేసుకునేవాడు.

మీకు నిజం పూనకమే కావాలంటే వెతకాల్సింది నాటకశాలలో కాదు. విల్లు మీటి ఆత్మల్ని పిలిచే తెరుహి లాంటి సోదమ్మలు జపాన్ ఊళ్లలో నిజంగానే తిరిగేవాళ్లు. 1873లో మెయిజి ప్రభుత్వం ఆ పని నిషేధించింది, దేశం ఆధునికం కావాలి కదా. నిజమైన సోదమ్మ నేరస్థురాలైంది, ఆమె వేషం కట్టిన నటుడేమో ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉన్న కళకి వారసుడు. ఉత్తరాన ఒసొరెజాన్ కొండ దగ్గర పోయినవాళ్లతో మాట్లాడించే ఇతాకోలు కొద్దిమంది మిగిలారు. వెళ్లాలని నాకూ ఉంది, సెలవు దొరకదు.

సెందగయాలో అవోయి నో ఉయె ఆడుతుంటే మాత్రం వెళ్లండి. పక్క సీట్లు చవక, అక్కణ్ణుంచి వంతెన ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. మధ్యలో నిద్రొస్తే పోండి, పక్కన జపాన్ వాళ్లూ పోతుంటారు. ఆలస్యంగా మాత్రం వెళ్లకండి. ఎవరూ ఒక్క మాట మాట్లాడకముందే, మీరు సీటు నంబరు వెతుక్కుంటుండగానే, నల్లబట్టల మనిషి ఆ కిమోనో పరిచి వెళ్లిపోతాడు.